బ్యాంకాక్ నుంచి మనీలాకి ఎంత సేపు?

“గూగుల్‌లో కొడితే వచ్చేదానికి మీకెందుకివ్వాలి ఆంటీ డబ్బులు?”

ఖమ్మం నుంచి మృదుల అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి ఫోన్లో ఈ మాట అడిగినప్పుడు, కెనడాలోని కిచెనర్‌లో తన ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చున్న వాసంతి ఏమాత్రం నొచ్చుకోలేదు. విమానం టికెట్లు అమ్మే మనిషికి ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈ ప్రశ్న తప్పదు. మిగతావాళ్లు చుట్టూ తిప్పి అడుగుతారు. ఈ పిల్ల మొహం మీదే అడిగింది. అంతే తేడా.

“ఏం కొట్టావు?” అంది వాసంతి.

“బ్యాంకాక్ టు మనీలా. రెండు వేల రెండొందల కిలోమీటర్లు. మూడున్నర గంటలు.”

“కరెక్టే. బ్యాంకాక్‌లో ఎయిర్‌పోర్టులెన్ని?”

“ఒకటే కదా?”

“రెండు. మనీలాలో నీ సూట్‌కేసులు ఎవరు తీసుకుంటారు?”

“వాళ్లే నెక్స్ట్ ఫ్లైట్‌లోకి పంపిస్తారు కదా ఆంటీ.”

“పంపరు. మనీలా దాకా ఒక టికెట్టు, అక్కడి నుంచి ఇంకో టికెట్టు. నువ్వే బయటికొచ్చి, బెల్టు మీంచి లాక్కుని, టెర్మినల్ మారి, మళ్లీ చెకిన్ చెయ్యాలి. ఈ లోపల గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. కిలోమీటర్లు గూగుల్ దగ్గర ఫ్రీయే అమ్మా. నేను ఫీజు తీసుకునేది కిలోమీటర్ల మధ్యలో ఉన్నదానికి.”

“సరే, నాన్నకిస్తున్నా” అంది మృదుల.

వాసంతికి వినయం లేదు. ఆ సంగతి మొదటే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఇలాంటి మనుషుల గురించి రాసేవాళ్లు ముందుగా చేసే పని వాళ్ల నెత్తిన ఇంత వినయం రుద్దడం. ఇక్కడి తెలుగు సంఘం ఒక ఉగాదికి ఆమెను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, విద్యార్థులకు చేస్తున్న సేవకు గుర్తింపుగా ఏదో బిరుదు ఇవ్వబోయింది. “సేవేంటండీ? నేను ఫీజు తీసుకుంటాను, రసీదు కూడా ఇస్తాను. పని బాగా చేస్తానని రాయండి, శాలువా కప్పుకుంటాను” అందామె మైకులో. నిర్వాహకులు నవ్వారు గానీ ఫలకం మీద అక్షరాలు అప్పటికే చెక్కించేశారు. ఆమె శాలువా తీసుకుని ఫలకం అక్కడే వదిలేసింది. శాలువా మంచిది, ఇప్పటికీ జనవరిలో కప్పుకుంటుంది.

తణుకులో పుట్టింది. ఆంధ్రా యూనివర్సిటీలో భూగోళశాస్త్రం ఎం.ఏ. చేసింది. ఆ చదువుకి ఉద్యోగాలు లేవని అందరూ అన్నారు, నిజంగానే లేవు. విశాఖలో ద్వారకానగర్‌లో ఒక టికెట్ల ఆఫీసులో చేరి ఏడేళ్లు చేసింది. భర్త శంకర్‌కి కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి ఇద్దరూ 2009లో ఇక్కడికొచ్చారు. ఆమె వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూలోనూ కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగారు. మూడోసారి అడిగినప్పుడు, “ఎందుకు, ఇక్కడ భూగోళం వేరేగా ఉంటుందా?” అని అడిగి బయటికొచ్చేసింది. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు. కిచెనర్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో టికెట్లు అమ్మాలంటే రాయాల్సిన పరీక్ష ఒకటుంది. అది రాసి, ఒక ఏజెన్సీ కింద చేరి, బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన బల్ల వేసుకుంది.

మొదటి ఏడెనిమిదేళ్లు పని నింపాదిగా నడిచింది. రిటైరైన డాక్టర్లు కాశీ ప్రయాణాలకి, సాఫ్ట్‌వేర్ వాళ్ల తల్లిదండ్రులు మనవల్ని చూడ్డానికి. వీళ్లకి కావలసింది మోకాళ్లు చాచుకునే సీటు, వీల్‌చెయిర్, వెజిటేరియన్ భోజనం. 2018 తర్వాత స్టూడెంట్లు మొదలయ్యారు. మొదలవడమంటే గేట్లు ఎత్తినట్టు. కాలేజీలు సీట్లు పెంచాయి, కన్సల్టెన్సీలు ఊరూరా బోర్డులు పెట్టాయి, కిచెనర్‌లో ప్రతి బేస్‌మెంట్‌కీ పరుపులు దిగాయి. ఈ వలస మంచిదా చెడ్డదా అని ఇక్కడ ప్రతి విందులోనూ వాదన జరుగుతుంది. బిర్యానీ అయ్యేదాకా ఒకరు దేశభక్తి గురించీ, స్వీటు అయ్యేదాకా ఇంకొకరు అవకాశాల గురించీ మాట్లాడతారు. వాసంతి ఆ మాటల్లో దూరదు. “వస్తున్నారా, లేదా? వస్తున్నారు. అయితే సరైన గేటు దగ్గరికి రానివ్వండి” అంటుంది.

2022 సెప్టెంబరులో వీసాలు ఘోరంగా ఆలస్యమయ్యాయి. క్లాసులు మొదలైపోయాక పాస్‌పోర్టులు వచ్చేవి. మృదులకి శనివారం వచ్చింది. కిచెనర్‌లో ఆమె చేరాల్సిన కాలేజీ వాళ్లు గురువారం మధ్యాహ్నం పన్నెండులోగా మనిషి వచ్చి సంతకం పెట్టకపోతే సీటు జనవరికి మారుస్తామని చెప్పేశారు. జనవరి అంటే మాటలు కాదు. బ్యాంకు లోను మళ్లీ మొదటికి, దొరికిన గది పోతుంది, వచ్చిన వీసా పరిస్థితి ఏంటో ఎవరూ నమ్మకంగా చెప్పరు. గల్ఫ్ మీదుగా, యూరప్ మీదుగా వచ్చే విమానాల్లో ఆ వారమంతా సీటు లేదు. ఉన్న ఒకటీ అరా వాళ్ల అంచనాకి రెండింతలు.

వాసంతి తూర్పు వైపు తిరిగింది. సోమవారం రాత్రి, అంటే టికెట్ మీద మంగళవారం ఒంటిగంటకి ముందు, హైదరాబాద్ నుంచి బ్యాంకాక్. అక్కడ పగలంతా ఆగి సాయంత్రం ఐదున్నరకి మనీలా. ఆ రాత్రి మనీలాలో గడిపి బుధవారం మధ్యాహ్నం వాంకూవర్. సముద్రం దాటేటప్పుడు తేదీ వెనక్కి వెళుతుంది కాబట్టి బుధవారం మధ్యాహ్నం బయల్దేరితే బుధవారం మధ్యాహ్నమే వాంకూవర్‌లో దిగుతుంది. రాత్రికి టొరంటో. గురువారం పొద్దున కిచెనర్. ఇలాంటి దారి కట్టడంలో ఆమెకు ఉండే ఆనందం దాచుకోదు. శంకర్‌ని పిలిచి చూపించింది. “ఎవరికైనా తడుతుందా ఇది?” అంది. “తట్టదు” అన్నాడతను, పదమూడేళ్ల అనుభవంతో.

అడ్డం తగిలింది మృదుల తండ్రి వీరభద్రం. ఖమ్మంలో టైల్స్ కొట్టు ఆయనది.

“అంతా మంచిగనే ఉందమ్మా. కానీ సోమవారం తూర్పుకి శూల. పిల్లని ఎట్ల పంపమంటవ్?”

వారశూల. ఏ రోజు ఏ దిక్కుకి కదలకూడదో చెప్పే లెక్క. సోమ, శనివారాలు తూర్పుకి పనికిరావు.

“టికెట్ మీద మంగళవారం అనుంది కదండీ” అంది వాసంతి.

“తెల్లారలేదు కదమ్మా! పొద్దు పొడవక ముందు మంగళవారం ఎట్లయితది? మన లెక్కల అది సోమవారమే.”

“పోనీ మర్నాడు పంపిస్తే గురువారం దాటిపోతుంది. సీటు పోతుంది.”

“అందుకేనమ్మా నిన్నడుగుతున్న. ఏదన్న ఉపాయం చెప్పు.”

ఇలాంటి చోట చదువుకున్నవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరు మూఢనమ్మకాల మీద ఉపన్యాసమిస్తారు, ఇంకొకరు మన పూర్వీకుల విజ్ఞానం అంటూ మొదలుపెడతారు. రెండూ వినే ఓపిక వాసంతికి లేదు, చెప్పే తీరిక అసలు లేదు.

“వీరభద్రం గారూ, అమ్మాయి మీ గడప దాటేది ఎప్పుడు?”

“సోమవారం పొద్దున. కారు మాట్లాడినం.”

“ఎక్కడికి?”

“హైదరాబాద్‌కి.”

“ఖమ్మం నుంచి హైదరాబాద్ ఏ దిక్కండీ?”

ఆయన లెక్క వేసుకున్నాడు. “పడమర.”

“సోమవారం పడమరకి శూల ఉందా?”

“లేదు.”

“ప్రయాణం ఎక్కడ మొదలైనట్టు? గడప దగ్గరా, రన్‌వే మీదా?”

వీరభద్రం గట్టిగా నవ్వాడు. “నువ్వు మామూలుదానివి కాదమ్మా వాసంతమ్మా! కొట్టెయ్యి టికెట్టు.”

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ కథ ఆమె రెండుసార్లు చెప్పింది. ఎం.ఏ. చదివింది ఇందుకేనంది. ఆ గర్వంలో ఒక విషయం గమనించలేదు. పంచాంగానికి పంచాంగంతోనే జవాబు చెప్పి గెలిచినప్పుడు, అవతలివాడు పంచాంగాన్ని మూసెయ్యడు. ఇంకా శ్రద్ధగా తెరుస్తాడు. విదేశీ విమానాలకి కూడా ఈ లెక్కలు పనిచేస్తాయని వీరభద్రానికి ఒక టికెట్ ఏజెంటే ఒప్పుకున్నాక, ఆయన మిగతా లెక్కలన్నీ కూతురికి కట్టి పంపించాడు. అవి ఏమిటో వాసంతికి చెప్పలేదు. ఆమె అడగలేదు.

మంగళవారం పొద్దున ఏడుగంటలకి శంకర్ ఆఫీసుకి బూట్లు వేసుకుంటున్నాడు. వాసంతి ఫోన్ మోగింది.

“ఆంటీ, గేట్ దగ్గర ఎవ్వరూ లేరు.”

“ఏ గేటు?”

“మనీలా గేటు. బోర్డు మీద డిపార్టెడ్ అని పడుతోంది. కానీ ఐదున్నరకి కదా ఆంటీ! ఇప్పుడు నాలుగూ ముప్ఫై రెండే!”

వాసంతి కుర్చీ లాక్కుని కూర్చుంది. “నీ ఫోన్లో టైమ్ ఏ దేశానిది?”

“మనదే. ఆటోమేటిక్ తీసేశా. నాన్న మార్చొద్దన్నారు.”

“ఎందుకూ?”

“మంగళవారం మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం. ఆ టైమ్‌లో ఫ్లైట్ ఎక్కొద్దన్నారు. ఎట్లాగూ ఐదున్నరకే కదా అని ఫుడ్ కోర్టులో కూర్చున్నా. అమ్మ వీడియో కాల్‌లో ఉంది. ఇంకో పది నిమిషాలాగు, ఇంకో ఐదు నిమిషాలాగు అని… నాలుగున్నర కాగానే లేచి కుడికాలు ముందు పెట్టి మరీ వచ్చా ఆంటీ.”

బ్యాంకాక్‌లో అప్పుడు సాయంత్రం ఆరు దాటింది.

శంకర్ ఒక బూటుతో నిలబడిపోయాడు. “రాహువుకి టైమ్ జోన్లు లేవా?”

“ఎందుకుండవు?” వాసంతి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి కసిరింది. “ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పొద్దుని బట్టే రాహుకాలం. బ్యాంకాక్‌లో అది బోర్డింగ్ వేళకే అయిపోయింది. వీళ్ల పంచాంగం వీళ్లు సరిగ్గా చూసుకున్నా పిల్ల విమానం ఎక్కేది!”

అవతల మృదుల ఏడుస్తోంది. “నేను ఇంటికెళ్లిపోతా ఆంటీ. నా వల్ల కాదు.”

“ఇంటికెళ్లాలన్నా టికెట్టు కొనాలి. ఏడుపు తర్వాత. ముందు ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌కెళ్లి నీ పెట్టెలు ఎక్కడున్నాయో కనుక్కో. నువ్వు ఎక్కలేదు కాబట్టి దింపేసి ఉంటారు. ఫోన్ పెట్టకు.”

మనీలా నుంచి వాంకూవర్ విమానం మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి. ఆ లోపల ఎలాగో ఒకలా మనీలా చేరాలి. అదే ఎయిర్‌పోర్టు నుంచి పొద్దున ఒక విమానం ఉంది గానీ అది దిగేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. పెట్టెలు తీసుకుని టెర్మినల్ మారేసరికి చెకిన్ మూసేస్తారు. వాసంతి దాన్ని పక్కన పెట్టేసింది. రెండో ఎయిర్‌పోర్టు నుంచి, ఊరికి అటు కొసన, రాత్రి పన్నెండు దాటాక ఒకటుంది. రెండే సీట్లు. వీరభద్రం కార్డు విదేశీ సైటులో పనిచెయ్యలేదు. ఆయన ఇంకో కార్డు వెతుకుతుండగా రెండు సీట్లలో ఒకటి పోయింది. వాసంతి తన కార్డు నంబరు కొట్టేసింది.

“పెట్టెలు దొరికాయాంటీ. కానీ బయటికెళ్లాలంటే ఇక్కడి వీసా కావాలంట.”

“అక్కడే ఇస్తారు. లైన్లో నిలబడాలి. పాస్‌పోర్టు ఫొటో ఉందా?”

“నాన్న ఇరవై నాలుగు తీయించారు.”

“మీ నాన్న చేసిన పనుల్లో ఇదొక్కటే నాకు కలిసొచ్చింది. పద.”

వీసా లైను రెండు గంటలు. ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకోదానికి బస్సు, దారి పొడవునా ట్రాఫిక్. పది దాటాక మృదుల రెండో ఎయిర్‌పోర్టులో కౌంటర్ ముందుకి చేరింది. అక్కడి కుర్రాడు పాస్‌పోర్టు తిరగేసి, ఫిలిప్పీన్స్ వీసా లేదు, ఎక్కనివ్వం అన్నాడు.

“స్పీకర్లో పెట్టు” అంది వాసంతి. కిచెనర్‌లో పొద్దున పదకొండున్నర. శంకర్ ఆ రోజు ఆఫీసుకి వెళ్లలేదు. భార్య పనిచేస్తుంటే దగ్గర కూర్చుని చూడ్డం తనకదే మొదటిసారి అని తర్వాత చెప్పాడు. ఆమె గొంతు పెంచలేదు, బతిమాలలేదు. కెనడా వీసా చెల్లుబాటులో ఉన్న భారతీయులకి అక్కడ రెండు వారాల దాకా వీసా అక్కర్లేదని, అక్కడి నుంచి ముందుకెళ్లే టికెట్ ఉంటే చాలని, ఆ అమ్మాయి దగ్గర రెండూ ఉన్నాయని ఇంగ్లీషులో చెప్పింది. “మీకు తెలియకపోతే తప్పు లేదు. మీ సూపర్‌వైజర్‌ని పిలవండి. నేను లైన్లోనే ఉంటాను.”

సూపర్‌వైజర్ వచ్చింది. కంప్యూటర్లో చూసింది. ఎవరికో ఫోన్ చేసింది. ఈ లోపల కౌంటర్ మూసే వేళ దగ్గరపడుతోంది. మృదుల వెనకాల ఎవరో విసుక్కుంటున్నారు. వాసంతి చేతిలో పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. చివరికి అవతల ప్రింటరు చప్పుడైంది.

“ఇచ్చారు ఆంటీ!”

“గేటు నంబరు చదువు.”

చదివింది.

“ఇప్పుడు గోడ మీద గడియారం చూడు. నీ ఫోన్ కాదు, గోడ మీదిది. ఎంతైంది?”

“పదకొండూ నలభై.”

“అదే టైము. ఖమ్మంలో ఎంతైనా నాకనవసరం. గేటు ముందు కూర్చో. విమానం ఎక్కేదాకా అమ్మకి ఫోన్ చెయ్యకు.”

రెండు వేల రెండొందల కిలోమీటర్లు. మూడున్నర గంటలు. మృదుల పొద్దున ఆరింటికి బ్యాంకాక్‌లో దిగి, మర్నాడు తెల్లవారుజామున మనీలా చేరింది. గూగుల్ చెప్పింది అబద్ధం కాదు, విమానం గాల్లో ఉన్నది మూడున్నర గంటలే. మిగతా రోజంతా నేల మీద నడిచింది. ఆ నేల మీది భాగం ఎవరో ఒకరు నడిపించాలి. ఈ దేశంలో మనవాళ్లు గొప్పగా చెప్పుకునే ఇళ్లూ కార్లూ పదవులూ చాలా ఉన్నాయి. ఆ మంగళవారం బేస్‌మెంట్‌లో జరిగిన పని వాటిలో దేనికీ తీసిపోదు. వాసంతి కూడా అదే అంటుంది, ఇంకొంచెం గట్టిగా.

వాంకూవర్‌లో స్టడీ పర్మిట్ లైను తలుపు బయటిదాకా ఉంది. మృదుల టొరంటో విమానాన్ని ఆఖర్న ఎక్కింది. ఒక పెట్టె ఎక్కలేదు, రెండు రోజుల తర్వాత వచ్చింది. అందులోని ఆవకాయ సీసా పగిలి స్వెట్టర్లన్నీ ఎర్రగా అయ్యాయి. గురువారం పదకొండుంబావుకి కాలేజీ కౌంటర్లో సంతకం పెట్టింది. పెట్టి, బయట మెట్ల మీద కూర్చుని వాసంతికి ఫోన్ చేసి, “ఇక్కడ చలిగా ఉంది ఆంటీ” అంది.

“ఇది చలి కాదు. లోపలికెళ్లి కూర్చో” అంది వాసంతి. ఫోన్ పెట్టేశాక మెట్లెక్కి పైకొచ్చి, శంకర్ ఎదురుగా నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, “నేను గొప్పదాన్ని” అంది. అతను కాదనలేదు.

సాయంత్రం వీరభద్రం ఫోన్ చేశాడు.

“ఏం చెప్పాలమ్మా నీకు. రాహుకాలంల ఎక్కనియ్యకపోవడమే మంచిదైంది. ఎక్కి ఉంటే ఏమయ్యేదో!”

“ఏమయ్యేదండీ, మంగళవారం రాత్రి మనీలాలో పడుకుని ఉండేది” అంది వాసంతి. “మీ అమ్మాయిని ఇక్కడికి చేర్చింది నేను. రాహువు ఖాతాలో వెయ్యకండి.”

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు, నిజంగానే ఆ మాట అంది. తర్వాత ఆయన చుట్టాల్లోనూ, కొట్టుకొచ్చేవాళ్లలోనూ ఎంతమందికి ఆమె నంబరిచ్చాడో లెక్క లేదు. విన్నిపెగ్‌లో, వాంకూవర్‌లో, ఇక్కడ కిచెనర్‌లో ఖమ్మం పిల్లలు చాలామంది ఆమె కట్టిన దారుల్లోనే వచ్చారు.

పనిలో ఆమె ఒక్క మార్పు చేసుకుంది. ఇప్పుడు టికెట్టు కొట్టేముందు తల్లిదండ్రుల్ని తనే అడుగుతుంది. “మీకు ఏమేం పట్టింపులున్నాయి? వర్జ్యమా, శూలా, అమావాస్యా? అన్నీ ఇప్పుడే చెప్పెయ్యండి. అమ్మాయికి విడిగా ఏమీ చెప్పొద్దు. ఏ ఊళ్లో ఏ టైమో నేను చూసి పెడతాను.” ఒక స్నేహితురాలు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఆవిడ, ఇది మూఢత్వాన్ని పెంచడం కాదా అని నిలదీసింది. “నేను టికెట్లు అమ్ముతాను, జ్ఞానం కాదు” అంది వాసంతి. “జ్ఞానం నువ్వు అమ్ముతున్నావు కదా. ఎంతమంది కొన్నారో చెప్పు.”

మృదుల చదువు పూర్తి చేసి, ఇప్పుడు కిచెనర్‌లోనే ఒక వేర్‌హౌస్‌లో లెక్కలు చూస్తోంది. మొదటి టికెట్టు డబ్బూ ఫీజూ వీరభద్రం అప్పుడే పంపించాడు. బ్యాంకాక్ నుంచి మనీలాకి వాసంతి తన కార్డు మీద కొన్న టికెట్టు మూడు వందల పన్నెండు డాలర్లు. అది మాత్రం నాన్నని అడగొద్దని, తానే సంపాదించి తీరుస్తానని మృదుల పట్టుబట్టింది. ఇప్పటిదాకా రెండు వందలు ఇచ్చింది. నూట పన్నెండు డాలర్లు ఇంకా రావాలి.